మూడు ఊళ్ళు తిరిగి కొలిచిన ట్యాబ్

మా ఆయనకు మాట పోయింది వానాకాలంలో. పక్షవాతం వచ్చి కుడి పక్కంతా పడిపోయింది, నోరు వంకరపోయింది. నెల తర్వాత దవాఖానలో మాట నేర్పే మేడమ్ ఒక ట్యాబ్ కొనమని చెప్పింది. దాని మీద గళ్ళు గళ్ళుగా బొమ్మలు ఉంటాయట. నీళ్ళ గ్లాసు బొమ్మ మీద వేలు పెడితే నీళ్ళు కావాలని అదే పైకి అంటుందట. ఎడమ చేతి చూపుడు వేలు ఇంకా లేస్తోంది కాబట్టి, ఆ ఒక్క వేలితో మనిషి మళ్ళీ మాట్లాడవచ్చు అన్నది.

"ఫోన్ వద్దు, చిన్నగా ఉంటుంది. ఆయన చెయ్యి వణుకుతోంది కదా, ఎంత గడి మీద వేలు సరిగ్గా పడుతుందో చూసుకుని ఆ సైజు తీసుకోండి. ఎక్కువ ధరది అక్కర్లేదు. కానీ ఆలస్యం చెయ్యకండమ్మా."

ఆమె చెప్పిన మాటల్లో చివరిది తప్ప అన్నీ నా చెవికెక్కాయి.

నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. బడి నేర్పని లెక్కలు టేపు నేర్పింది. జనగామలో రెండు గదుల కిరాయి ఇంట్లో నలభై ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. మనిషి గుమ్మంలో అడుగు పెడుతుండగానే భుజం ఎంత, చంక ఎంత అని కళ్ళతోనే చెప్పగలను. ఎవరి బట్టలోనూ జానెడు ముక్క వృథా కానివ్వలేదు. చాయ్ పొడి రెండుసార్లు మరిగితే గాని పారబోయను. ఆయన నాకు పూర్తిగా ఎదురు. నర్మెట్ట రూటులో ఆటో నడిపేవాడు. ఎక్కిన మనిషి దిగేలోపు వాళ్ళింటి సంగతులన్నీ అడిగి, మా ఇంటి సంగతులన్నీ చెప్పేవాడు. ఇంటికొచ్చి అవన్నీ మళ్ళీ మొదటి నుంచి నాకు వినిపించేవాడు. "జర నోరు కట్టెయ్యి, కుట్టు తప్పుతది" అని రోజూ కసురుకునేదాన్ని. ఆ మాట పోయి, దవాఖాన నుంచి ఇంటికి తెచ్చిన మొదటి వారం ఇల్లు సద్దుమణిగినట్టు అనిపించింది. మిషన్ చప్పుడు ఒక్కటే వినపడేది, పని తొందరగా తెమిలేది. ఇది రాయడానికి సిగ్గేస్తోంది. అయినా నిజమే కాబట్టి రాస్తున్నాను.

కొడుకు హైదరాబాద్‌లో లిఫ్టులు బిగించే పని చేస్తాడు. మేడమ్ చెప్పింది విని ఫోన్‌లో, "అమ్మా, ఆన్‌లైన్ల పెడత. రెండు దినాలల్ల ఇంటికొస్తది" అన్నాడు.

"చెయ్యి పెట్టి చూడకుండ జాకెట్ ముక్క కొనలేదు నేను. గింత పైసల సామాను ఎట్ల కొంట?"

"నచ్చకుంటే వాపసు ఇయ్యొచ్చే."

"వాపసు ఇచ్చేదానికి కొనుడెందుకు? నువ్వు ఊకో. నేను చూసి తెస్త."

మరునాడే జనగామ బజారులో ఫోన్ల దుకాణానికి పోయాను. దుకాణదారు ఎనిమిది ఇంచులది అని ఒక ట్యాబ్ చేతిలో పెట్టాడు. తేలిగ్గా ఉంది, ఒక చేత్తో పట్టుకోవచ్చు. నేను మెడలోని టేపు తీసి వెలుగు వచ్చే అద్దం మీద పరిచాను. అడ్డం నాలుగుంబావు, నిలువు ఏడుకు ఒక గీత తక్కువ.

"ఎనిమిది అంటివి. ఏడు గూడ లేదు గదా."

"మూల నుంచి మూలకు కొల్వాలె అవ్వా. కంపెనీలన్ని గట్లనే కొలుస్తయి."

"బట్టను ఎవరన్న మూలకు కొలుస్తరా? మూలకు గుంజితే ఏ బట్టయినా సాగుతది."

దుకాణంలో ఉన్నవాళ్ళు నవ్వారు. దుకాణదారు కూడా నవ్వి, "గిది సాగదవ్వా, అద్దం. మనుమడి సదువుకా?" అన్నాడు.

"కాదు. మా ముసలాయన మాటకు."

సంగతి చెప్పాను. నవ్వులు ఆగిపోయాయి. దుకాణదారు ట్యాబ్‌ను గుడ్డతో తుడిచి, "ఇంట్ల పరేషాన్ ఉన్నదంటున్నవ్. మూడు వందలు తగ్గించి ఇస్త, తీస్కపో" అన్నాడు. సంతోషపడాల్సింది పోయి నాకు అనుమానం పుట్టింది. అడగకముందే మూడు వందలు వదిలాడంటే అడిగితే ఎంత వదులుతాడో, ఇంకో చోట ఇది ఎంతకు దొరుకుతుందో అనుకున్నాను. రేపొస్తానని చెప్పి, కొలత మాత్రం రాసుకుని వచ్చేశాను.

జాకెట్ కుట్టే ముందు పేపరు కటింగ్ తీయడం మా పని. మంచి బట్ట మీద కత్తెర పెట్టక ముందు పాత న్యూస్ పేపరు కోసి ఒంటికి ఆనించి చూస్తాము. తప్పు జరిగితే పోయేది పేపరే. ట్యాబ్‌కూ అట్లాగే చేశాను. అదే కొలతకు పేపరు కోసి పెళ్ళి పత్రిక అట్టకు అంటించి, ఆరు గళ్ళు గీశాను. నీళ్ళ గ్లాసు, అన్నం పళ్ళెం, మందు గోలీ, దొడ్డికి పోవడానికి చెంబు, ఫ్యాను. ఆరో గడిలో నన్ను వేయాలి. మనిషి ముఖం వేయడం నాకు రాదు. కుట్టు మిషన్ వేశాను. అది చూపిస్తే నన్ను పిలిచినట్టని ఆయనకు రెండుసార్లు చెప్పాను. తల ఊపాడు.

అట్ట ఆయన పొట్ట మీద నిలబెట్టి, పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను.

"నీళ్ళు చూపియ్యి."

వేలు లేచింది. గాలిలో తిరిగి తిరిగి మిషన్ మీద పడింది. అట్ట అంచున ఇంటూ గుర్తు వేశాను.

"అన్నం చూపియ్యి."

మళ్ళీ మిషన్. ఇంకో ఇంటూ.

"ఫ్యాను."

ఫ్యాను మీదే పడింది. రైటు గుర్తు వేశాను. పదిసార్లు అడిగితే ఆరు తప్పులు వచ్చాయి, ఆరూ మిషన్ మీదే. ఆ గడి కింది మూలకు ఉంది, చెయ్యి బరువుకు వేలు కిందికి జారుతోంది, గడి సరిపోవడం లేదు అని తీర్పు చెప్పుకున్నాను. ఎనిమిది ఇంచులది పనికి రాదు. ఆయన నా ముఖం చూస్తూనే ఉన్నాడు. నేను అట్ట చూస్తున్నాను.

పది ఇంచులది జనగామలోనూ ఉంది. మహబూబాబాద్‌లో అయితే తక్కువకు వస్తుందని అస్తరు బట్ట కొనేచోట ఎవరో అన్నారు. ఆధార్ కార్డు చూపిస్తే బస్సులో ఆడవాళ్ళకు పైసా అక్కర్లేదు, కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇస్తాడు. తిరగడానికి ఖర్చు లేనప్పుడు నాలుగు ఊళ్ళ ధర చూసి కొనడమే తెలివి అనుకున్నాను. బస్సులో గడిచిన పొద్దుకు ఎవరూ టికెట్ కొట్టరు. అందుకే అది నా లెక్కలోకి రాలేదు.

గోడ పక్క గదిలో ఉండే ఆమె గాజులు అమ్ముకుంటుంది. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. ఆమెను ఆయన దగ్గర కూర్చోబెట్టి, అంబలి గిన్నె అప్పగించి, పాలకుర్తి మీదుగా తొర్రూరు పోయి, అక్కడ బస్సు మారి మహబూబాబాద్ చేరాను.

అక్కడి దుకాణంలో ఒక తండా అమ్మాయి అమ్మకాలు చూస్తోంది. ఫోన్‌లో వాళ్ళమ్మతో తమ భాషలో గబగబా ఏదో చెప్పి, పెట్టేసి, నా దిక్కు తిరిగింది. రెండు సైజులు పక్కపక్కన పెట్టింది.

"ఎనిమిదిది చేతుల పట్టుకునుడుకు మంచిగుంటది అవ్వా. పదిది ఒళ్ళ పెట్టుకునుడుకు. పదకొండుది గూడ ఉంటది గని మా దగ్గర అయిపోయింది. గది బరువు. మంచంల ఉన్న మనిషి మోయలేడు, ఇంకొకరు పట్టుకోవాలె."

"నేను పట్టుకుంట."

"మరింకేంది? నువ్వు పక్కన ఉండి పట్టుకుంటే ఏ సైజయినా నడుస్తది."

ఆ పిల్ల మామూలుగా అన్నది. నేను టేపు పరవడంలో ఉన్నాను. పదిది అడ్డం ఐదుంబావు మీద కొంచెం, నిలువు ఎనిమిదిన్నర. ఆ అమ్మాయి అందులో ఏదో నొక్కింది. "నాకు నీళ్ళు కావాలి" అని ఒక ఆడ గొంతు పుస్తకం చదివినట్టు చదివింది.

"తాతకు గీ గొంతు పెట్టకవ్వా, ఇంట్ల ఇంకో ఆమె వచ్చిందనుకుంటరు. మగ గొంతు గూడ ఉన్నది" అని నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది. ఆయన మాట పోయాక నేను నవ్వింది అదొక్కసారే.

పదకొండు ఇంచులది ఎంత పెద్దగా ఉంటుందని అడిగాను. అడ్డం అర ఇంచు, నిలువు ముప్పావు ఎక్కువ. ధర మాత్రం చాలా ఎక్కువ. నేను గొణుగుతుంటే, వాళ్ళ సేటుకు భూపాలపల్లిలో ఇంకో దుకాణం ఉందని, అక్కడ అందరూ పట్టి చూడడానికి బయట పెట్టిన పదకొండు ఇంచుల పీసు ఒకటి తక్కువకు ఇస్తున్నారని చెప్పింది. "గని నీకు పదిది సరిపోతది" అని కూడా అన్నది. పదిది కొనకుండానే లేచాను. ఇంకో ముప్పావు ఇంచు పెద్దది తక్కువ ధరకే వస్తుందని తెలిశాక దాన్ని వదలడం నా చేత కాలేదు.

ఇంటికి వచ్చి క్యాలెండర్ అట్ట మీద పది ఇంచుల కటింగ్ తీశాను. ఈసారి మిషన్‌ను పై వరసకు మార్చాను, చెయ్యి కిందికి జారినా దాని మీద పడకుండా. అడిగాను. నీళ్ళంటే మిషన్. గోలీ అంటే మిషన్. వేలు పైకి ఎక్కి ఎక్కి దాని మీదే పడింది. పదికి తొమ్మిది తప్పులు. చూపు కూడా పోతున్నట్టుంది అనుకుని, "ఏమయ్యా, గింత పెద్ద గ్లాసు కండ్లకు ఆనుతలేదా?" అని గదిమాను.

పక్కింటామె గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"అక్కా, ఆయన తప్పు పెడతలేడు. నిన్ను పిలుస్తుండు. నువ్వు మార్కులేస్తున్నవ్."

"నేను ఎదురుంగనే ఉంటి గదా. పిలుచుడెందుకు?"

"కూసోమని గావచ్చు. నువ్వు బస్సెక్కిన దినం పొద్దంత దర్వాజ దిక్కే చూసిండు. చిన్న అట్ట ముంగట పెడితే మిషన్ మీదనే వేలు. నాకు సమజ్ గాక, మిషన్ కావాలేమో అని నీ మిషన్ను గుంజి ఆయన మంచం కాడికి జరిపిన. దాన్ని చూసి ఏడ్చిండు."

ఆమె చెప్పింది నాకు అర్థం కాలేదని అనలేను. అర్థమయింది. అందుకే కోపం వచ్చింది. నలభై ఏళ్ళలో ఆయన పక్కన ఊరికే కూర్చున్న రోజు ఒకటి చెప్పమంటే చెప్పలేను.

"నేను కూసుంటే సామాను ఎవరు తెస్తరు? నీ గాజులు నువ్వు అమ్ముకోపో" అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. అయినా తర్వాతి వారం నేను భూపాలపల్లి పోతుంటే వచ్చి మళ్ళీ ఆయన దగ్గర కూర్చుంది.

పొద్దున మొదటి బస్సెక్కి, హనుమకొండలో మారి, భూపాలపల్లిలో దిగేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. బొగ్గు లారీల దుమ్ములో నడుచుకుంటూ ఆ సేటు దుకాణం పట్టుకున్నాను. పదకొండు ఇంచుల పీసు అక్కడే ఉంది. పెద్ద అద్దం, గడికి గడికి మధ్య రెండు వేళ్ళ ఎడం పెట్టవచ్చు. వెనక ఒక మూలకు గీత పడింది. చెప్పిన ధర మహబూబాబాద్‌లో పదిదానికి చెప్పిన ధరకు దగ్గరగానే ఉంది. ఆ మాటకు వస్తే నేను అనుకున్నదాని కంటే తక్కువే.

"గీత పడ్డదానికి గంత ధరా? ఐదు వందలు తగ్గియ్యి" అన్నాను.

"తగ్గించే ఉన్నదమ్మా. ఇంక రాదు."

"మూడు వందలు తగ్గియ్యి."

"రాదమ్మా."

మా కొనుగోళ్ళకు ఒక పద్ధతి ఉంది. బట్టైనా కూరగాయైనా, ధర కుదరకపోతే లేచి నడవాలి. పది అడుగులు వేయకముందే వెనక నుంచి పిలుస్తారు. ఇన్నేళ్ళు నేను అట్లాగే కొన్నాను. లేచాను. మెల్లగా నడిచాను. అరటిపండ్ల బండి దగ్గర ఆగి, పండ్లు చూస్తున్నట్టు చెవులు వెనక్కి పెట్టాను. పిలుపు రాలేదు. ఓరగా చూస్తే సేటు ఇంకొకరికి ఫోన్ చూపిస్తున్నాడు. వెనక్కి పోయి ఆ ధరకే ఇయ్యమని అడగవచ్చు. పోలేదు. అడుగు బయట పెట్టాక తిరిగిపోతే లోకువైపోతామని మా అమ్మ నేర్పింది. బస్టాండు దాకా నడిచాను. బెంచీ మీద గంట కూర్చున్నాను. ఆ గంటలోనూ లేచి పోవచ్చు. జీరో టికెట్ తీసుకుని వట్టి సంచితో జనగామ బస్సులెక్కాను.

నేను ఇంట్లోకి రావడం చూడగానే ఆయన వేలు లేచింది. క్యాలెండర్ అట్ట ఆయన పొట్ట మీదే ఉంది. మిషన్ మీద వేలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. కాళ్ళ నొప్పులు, వట్టి సంచి, సేటు ముందు పోయిన పరువు, అన్నీ కలిసి ఆయన మీదికి మళ్ళాయి.

"ఇగ చాలు. అసలు సామాను వచ్చేదాక గిదంత బంద్. వేలుకు తప్పు అలవాటైతున్నది" అన్నాను.

పని నేర్చుకునే పిల్లలకు నేను చెప్పే మాట అది. తప్పు కుట్టు చేతికి పట్టిందంటే విప్పడం కష్టం, కొన్నాళ్ళు చెయ్యి ఆపాలి అని. రెండు అట్టలూ తీసి సజ్జ మీద పాత బట్టల మూట కింద తోశాను. ఆయన నోటి నుంచి ఒక చప్పుడు వచ్చింది. నేను పొయ్యి దగ్గరికి పోయాను.

దసరాకు ధరలు పడతాయని కొడుకు చెప్పాడు. ఇంకెంత, ఇరవై రోజులే కదా అనుకున్నాను.

ఆ తర్వాత ఎనిమిది రోజులు ఆయన వేలు బాగానే లేచింది. ఆయన మీద గళ్ళ దుప్పటి ఉండేది. ఆ దుప్పటి గళ్ళ మీద వేలు పెట్టేవాడు. ఒక గడి మీద పెట్టి నా దిక్కు చూసేవాడు, ఇంకో గడి మీదికి జరిపి మళ్ళీ చూసేవాడు. నేను మిషన్ తొక్కుతూ అది చూశాను. రోజూ చూశాను. ఏ గడి ఏమిటో ఆయన ఒక్కడికే తెలుసు. లేచి ఆ అట్టలు దించడానికి స్టూలు ఎక్కితే చాలు. దసరా జాకెట్లు గుట్టగా పడి ఉన్నాయి.

తొమ్మిదో పొద్దున ఆయన ముఖం తుడుస్తుంటే ఎడమ చెయ్యి నా చేతిలో బరువెక్కింది. మొదట నిద్ర అనుకున్నాను. అంబులెన్స్ వచ్చింది, దవాఖానలో పన్నెండు రోజులు ఉన్నాము. ప్రాణం నిలిచింది. వేలు నిలవలేదు.

మాట నేర్పే మేడమ్ వార్డుకు వచ్చింది.

"ట్యాబ్ తీసుకున్నారామ్మా?"

"మూడు ఊళ్ళు చూసిన మేడమ్. పదకొండు ఇంచులది మంచిగున్నది."

ఆమె ఆయన చెయ్యి ఎత్తి వదిలింది. అది పడింది. కళ్ళ ముందు తన వేలు ఆడించింది. చూపు కొంత దూరం వచ్చి ఆగిపోయింది.

"కళ్ళతో నడిచేవి కూడా ఉంటాయమ్మా. కానీ చూపు ఒక చోట నిలవాలి. ఇప్పుడైతే ఏదీ కొనకండి."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. కొడుకూ ఏమీ అడగలేదు, అంతకు ముందు ఫోన్‌లో అన్న మాట కూడా ఎత్తలేదు. పక్కింటామె మాత్రం రోజూ అన్నం తెచ్చి పెట్టి, నాతో మాట్లాడకుండా పోయేది.

ఇంటికి వచ్చాక అట్టలు దించాను. రోజూ ఒకసారి పెద్ద అట్ట ఆయన ముందు పెట్టి, ఆయన వేలు నా వేళ్ళతో పట్టుకుని గళ్ళ మీద తిప్పుతాను. నీళ్ళు అని నేనే అంటాను, వేలు నీళ్ళ మీద పెడతాను. మిషన్ మీద పెట్టి, ఇక్కడే ఉన్నాను అంటాను. వేలు ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. ఇప్పుడు ఒక్క తప్పు కూడా రాదు. ఆయన పక్కన కూర్చుంటున్నాను కూడా, మిషన్ మంచం దగ్గరికే జరిపి. అది ఆయనకు తెలుస్తోందో లేదో చెప్పేవాళ్ళు లేరు.

మొన్న ఒకామె జాకెట్ కొలతకు వచ్చి, బిడ్డ చదువుకు ట్యాబ్ కొనాలి, ఏ సైజు కొనాలో తెలుస్తలేదు అన్నది. చెయ్యి ఎత్తించి చంక కొలుస్తూ అంతా చెప్పాను. ఎనిమిదిది తేలిక, బస్సులో కూడా చదవవచ్చు, అక్షరం చిన్నది. పదిది ఒళ్ళో పెట్టుకుంటే చాలు. పదకొండుది బరువు, గోడకు ఆనించాలి. ఇంచులంటే మూల నుంచి మూలకు అని కూడా చెప్పాను.

"గింత తెలుసా అక్కా నీకు? నువ్వేది కొన్నవ్ మరి?"

"కొనలేదు."

"నువ్వు కొంటవా" అని ఆమె నవ్వింది. "ధర చూసుడే నీకు పండుగ."

అవునన్నాను. కొలతలు రాసుకుని పంపించాను. ఆమె పోయాక మంచం దిక్కు తిరిగితే ఆయన ఎడమ కంటి నుంచి నీరు చెవి దాకా కారి ఉంది. కొంగుతో తుడిచాను. ఆ కన్ను రెండోసారి పడినప్పటి నుంచి కారుతూనే ఉంటుంది. పొద్దున తుడిచాను, అన్నం వేళ తుడిచాను. ఇది ఆ నీరేనా, ఆమె మాటలు విని వచ్చిందా అని ఆయన ముఖం మీదికి వంగి అడిగాను. చూపు నా మీదికి కొంత దూరం వచ్చి ఆగింది. కొంగు తడి మడత లోపలికి తిప్పి, ఇంకోసారి తుడిచాను.